ఇంట్లో జర్మన్లమంటారు, సెన్సస్‌లో రష్యా అని ఉంది

ప్రశ్న: నమస్కారమండీ. మాది గుంటూరు. పెళ్లయిన దగ్గర్నుంచి అమెరికాలో, నెబ్రాస్కా రాష్ట్రంలోని లింకన్‌లో ఉంటున్నాను. మా వారు ఇక్కడివారే, ఇంటి పేరు మిల్లర్. ఆరో తరగతి చదివే మా అమ్మాయిని స్కూల్లో వంశవృక్షం గీసుకు రమ్మన్నారు. నా వైపు వివరాలు మా నాన్నగారు ఫోన్లోనే చెప్పేశారు. మా వారి వైపే ఎటూ తేలడం లేదు. వాళ్ల ముత్తాత 1907 ప్రాంతంలో చిన్న పిల్లాడిగా తల్లిదండ్రులతో ఓడ దిగాడట. ఇంట్లో అందరూ "మేం జర్మన్లం" అంటారు. 1910 సెన్సస్ తీస్తే పుట్టిన దేశం రష్యా అని, భాష జర్మన్ అని ఉంది. జర్మనీలో వెతికితే అదే పేరుతో వందల మంది వస్తున్నారు. ఓడ దిగిన వలసదారులను తనిఖీ చేసే ఎల్లిస్ ఐలాండ్‌లో పేరు మార్చేశారని మా అత్తగారు అంటారు. ఆవిడ దగ్గర నల్లట్ట కీర్తనల పుస్తకం ఒకటి ఉంది. ముందు పేజీల్లో చేతిరాతతో పేర్లు, తేదీలు ఉన్నాయి కానీ ఎవరికీ చదవడం రాదు. ముత్తాత పుట్టింది 1896 మార్చి 3 అన్నది మాత్రం తెలుస్తోంది. సమాధి రాయి మీదేమో మార్చి 15 అని ఉంది! డీఎన్ఏ టెస్టు చేయించమని ఒకరు, డబ్బు కడితే జర్మనీలోని మూలపురుషుడి దాకా వంశవృక్షం, దాంతోపాటు కుటుంబ చిహ్నం ఇస్తామని ఇంకొకరు. ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పండి.
ఎస్., లింకన్

జవాబు: జర్మనీలో వెతకడం ఈ రోజే ఆపేయండమ్మా. మీ వారి ముత్తాత జర్మనీలో పుట్టలేదు. ఆయన తండ్రి, తాత కూడా బహుశా అక్కడ పుట్టి ఉండరు. అలాగని ఇంట్లోవాళ్లు చెప్పింది అబద్ధం కాదు, సెన్సస్ గుమాస్తా రాసిందీ పొరపాటు కాదు.

రష్యాను ఏలిన రెండో కేథరిన్ స్వయంగా జర్మన్ రాజకుటుంబంలో పుట్టిన మనిషి. బీడుగా పడి ఉన్న వోల్గా నది ప్రాంతాన్ని సాగులోకి తేవాలని 1763 జులైలో విదేశీయులకు ఆహ్వానం పంపింది. వచ్చినవాళ్లకు భూమి ఇస్తాం, 30 ఏళ్లు పన్ను ఉండదు, మీ మతం మీది, సైన్యంలో చేరక్కర్లేదు అని మాటిచ్చింది. ఏడేళ్ల యుద్ధం అప్పుడే ముగిసి, హెస్సె లాంటి జర్మన్ ప్రాంతాల్లో రైతులు చితికిపోయి ఉన్నారు. వేల మంది బయల్దేరారు. 1764 నుంచి 1767 లోపల సరాతోవ్ దగ్గర వోల్గాకు రెండు వైపులా వంద పైచిలుకు ఊళ్లు లేచాయి. నూరేళ్లు దాటినా ఆ ఊళ్లలో జర్మనే మాట్లాడారు, జర్మన్‌లోనే ప్రార్థించారు, పెళ్లిళ్లు కూడా తమలో తామే చేసుకున్నారు. 1871లో ఆ ప్రత్యేక హోదా తీసేశారు. 1874లో సైన్యంలో చేరడం అందరికీ తప్పనిసరి చేశారు. అప్పటి నుంచి మొదటి ప్రపంచ యుద్ధం దాకా అమెరికాకు వలస సాగింది. కాన్సస్, నెబ్రాస్కా, కొలరాడోలకు వచ్చినవాళ్లలో చాలామంది షుగర్ బీట్ (చక్కెర తీసే దుంప) పొలాల్లో పనిచేశారు.

మీరుంటున్న ఊరే వాళ్లకు పెద్ద కూడలి. లింకన్‌లో నార్త్ బాటమ్స్, సౌత్ బాటమ్స్ అని రెండు పాత పేటలున్నాయి కదా, అవి వాళ్లు కట్టుకున్నవే. ఫ్రాంక్ అనే వోల్గా ఊరివాళ్లు ఎక్కువగా ఉత్తరం పేటలో, నోర్కా ఊరివాళ్లు ఎక్కువగా దక్షిణం పేటలో స్థిరపడ్డారు. రష్యా నుంచి వచ్చిన జర్మన్లందరూ వోల్గావాళ్లు కారు. నల్ల సముద్రం వైపు నుంచి వచ్చినవాళ్లు ఎక్కువగా డకోటా రాష్ట్రాలకు పోయారు. కానీ 1907, లింకన్, జర్మన్ భాష, రష్యా అన్నీ కలిపి చూస్తే మీ వాళ్లు వోల్గావాళ్లే అనుకుని మొదలుపెట్టవచ్చు. (మీ అత్తగారింట్లో క్యాబేజీ, మాంసం కూరిన రంజా అనే రొట్టె తింటారు కాబట్టి వోల్గావాళ్లేనని మాత్రం తేల్చకండి. ఆ వంటకం తెచ్చింది వీళ్లే అయినా నెబ్రాస్కాలో దాన్ని తిననివాళ్లు లేరు.)

ఇక ఆ రెండు తేదీల సంగతి. మార్చి 3కీ 15కీ మధ్య పన్నెండు రోజులు. రష్యాలో 1918 ఫిబ్రవరి దాకా పాత జూలియన్ క్యాలెండరే నడిచింది. 19వ శతాబ్దంలో అది మన క్యాలెండర్ కంటే సరిగ్గా 12 రోజులు వెనక ఉండేది, 20వ శతాబ్దంలో 13 రోజులు. 1896లో పుట్టినవాడికి 12 రోజుల తేడా రావాలి, వచ్చింది. రెండూ ఒకటే రోజు. అమెరికా వచ్చాక ఎవరో లెక్క కట్టి తేదీ మార్చుకున్నారు, పుస్తకంలో మాత్రం పాతదే ఉండిపోయింది. అంటే ఆ తేదీ రష్యా లెక్కలో రాసింది, ఆ పుస్తకం వాళ్లతోపాటే ఓడెక్కి వచ్చి ఉండే అవకాశం చాలా ఉంది. మీ దగ్గరున్న ఆధారాల్లో అన్నిటికన్నా విలువైనది అదే. చిరుగులకు సెల్లోటేపు అంటించకండి, లామినేషన్ జోలికి పోకండి.

ఇప్పుడు మీరు వెతకాల్సింది ముత్తాత పేరు కాదు, ఆయన ఊరు పేరు. పుట్టుక, పెళ్లి, చావు అన్నీ ఆ రోజుల్లో ఊరి చర్చి పుస్తకాల్లోనే రాసేవారు. దేశమంతటికీ ఒక చోట పెట్టిన పట్టిక అంటూ లేదు. జర్మనీలోనూ అంతే. అది ఒక దేశమైందే 1871లో. ప్రభుత్వ రిజిస్టర్లు దేశమంతటా మొదలైంది 1876 జనవరి 1న. మీ వాళ్ల అసలు ఇంటి పేరు ముల్లర్ అయి ఉండాలి, పిండిమర నడిపేవాళ్ల పేరది. పిండిమర లేని ఊరు లేదు కాబట్టి ముల్లర్ లేని ఊరూ లేదు. పేరు పట్టుకుని వెతికితే మీకు కనపడ్డట్టే వందల మంది కనపడతారు. ఊరు తెలిస్తే మాత్రం నాలుగైదు కుటుంబాల మధ్య తేల్చుకుంటే సరిపోతుంది.

ఆ ఊరి పేరు దొరికేది అమెరికా కాగితాల్లోనే. ముత్తాత పుట్టిన సంవత్సరం మీకు బాగా కలిసొచ్చింది. మొదటి ప్రపంచ యుద్ధానికి సైన్యం కోసం 1917 జూన్ 5న 21 నుంచి 30 ఏళ్ల మగవాళ్లందరి పేర్లూ నమోదు చేశారు. ఆయనకు ఆ మార్చికే 21 నిండాయి. ఆ రోజు నింపిన కార్డులో ఎక్కడ పుట్టావు అన్న ప్రశ్నకు ఊరు, రాష్ట్రం, దేశం మూడూ రాయాలి. పౌరసత్వం లేనివాళ్లూ నింపాల్సిందే. ఆయన ఓ రెండేళ్లు చిన్నవాడైతే 1918 సెప్టెంబర్‌లో వాడిన వేరే కార్డు నింపేవాడు, దాంట్లో ఈ ప్రశ్నే లేదు. రెండో ప్రపంచ యుద్ధంలో 1942 ఏప్రిల్‌లో పెద్ద వయసు మగవాళ్లను కూడా నమోదు చేశారు, దాంట్లోనూ పుట్టిన ఊరు అడిగారు. ఈ రెండు కార్డులూ ఫ్యామిలీసెర్చ్ సైట్‌లో ఉచితంగా చూడొచ్చు.

లాంకాస్టర్ కౌంటీలో ఆయన కార్డు దొరక్కపోతే కంగారు పడకండి. లింకన్‌లోని వోల్గా కుటుంబాలు వసంతంలో పిల్లాపాపలతో సహా బీట్ పొలాలకు వెళ్లి, శరదృతువులో పంట తీశాక తిరిగొచ్చేవి. జూన్ 5 అంటే సరిగ్గా మొక్కలు పలచన చేసే రోజులు. నెబ్రాస్కా పడమటి కొసన ఉన్న స్కాట్స్‌బ్లఫ్ కౌంటీలో, కొలరాడోలో కూడా చూడండి.

కార్డు మీద "సరాతోవ్" అని మాత్రమే ఉంటే అది ఊరు కాదు, గుబెర్నియా పేరు. మన దగ్గర ఊరేదని అడిగితే గుంటూరు జిల్లా అని చెప్పి ఊరుకున్నట్టు. ఇంకో చిక్కు: ఈ ఊళ్లలో చాలావాటికి జర్మన్ పేరొకటి, రష్యన్ సర్కారు పేరొకటి ఉంటాయి. బాల్జర్‌నే గోలీ కరమీష్ అంటారు, హుక్‌నే స్ప్లావ్‌నూఖా అంటారు. మీకు దొరికిన పేరు మ్యాపులో కనపడకపోతే రెండో పేరుతో చూడండి.

తర్వాత ఓడ ప్రయాణికుల జాబితా. వోల్గావాళ్లు చాలామంది బ్రెమెన్ రేవులో ఓడెక్కారు. బ్రెమెన్ నుంచి బయల్దేరినవాళ్ల జాబితాలు చాలావరకు మిగల్లేదు. హాంబర్గ్‌వి మాత్రం 1850 నుంచి 1934 దాకా ఉన్నాయి. కాబట్టి అమెరికాలో దిగిన చోట రాసిన జాబితాలే చూడాలి. న్యూయార్క్ ఒక్కటే కాదు, బాల్టిమోర్, గాల్వెస్టన్ కూడా. 1907 తర్వాత వాడిన ఫారంలో సొంత దేశంలో మిగిలిన దగ్గరి బంధువు పేరు, చిరునామా, ఇక్కడ ఎవరి దగ్గరికి వెళ్తున్నారో వాళ్ల పేరు, పుట్టిన ఊరు అన్నీ అడిగారు. ఆ జాబితా ఎదురెదురు రెండు పేజీల మీద ఉంటుంది. సైట్‌లో పేరు నొక్కితే ఎడమ పేజీ తెరుచుకుంటుంది, అది చూసి చాలామంది అక్కడే ఆగిపోతారు. పుట్టిన ఊరు రెండో పేజీలో ఉంటుంది. పక్క బొమ్మ కూడా తెరవండి.

జాబితాలో హెన్రీ అనో జార్జ్ అనో వెతక్కండి. జర్మన్ పిల్లలకు బాప్తిస్మంలో రెండు పేర్లు పెట్టేవారు, ఇంట్లో పిలిచేది రెండోదాన్ని. ఒకే ఇంట్లో యోహాన్ హైన్‌రిఖ్, యోహాన్ గేయోర్గ్, యోహాన్ పేటర్ అని ముగ్గురు అన్నదమ్ములు ఉండటం మామూలే. ఓడ జాబితాలో యోహాన్ అని ఉన్నవాడు సెన్సస్‌లో హెన్రీ అవుతాడు. అందుకే ఒక్క మనిషిని కాకుండా ఇంటిల్లిపాదినీ కలిపి పోల్చుకోండి: తల్లి పేరు, పిల్లల వరస, వయసుల మధ్య తేడాలు. తల్లి పుట్టింటి పేరు దొరికితే ఇంకా మంచిది, ముల్లర్ కంటే అరుదైన పేరు అయ్యే అవకాశమే ఎక్కువ. ముత్తాత సోషల్ సెక్యూరిటీ కోసం పెట్టుకున్న దరఖాస్తులో అది ఉంటుంది, ఫీజు కట్టి నకలు తెప్పించుకోవచ్చు. తండ్రి పౌరసత్వం తీసుకుని ఉంటే ఆ కాగితాలు కూడా చూడండి. 1906 చట్టం తర్వాతివాటిలో పుట్టిన ఊరు, వచ్చిన ఓడ ఉంటాయి. అంతకు ముందువాటిలో చాలాసార్లు రష్యా చక్రవర్తికి విధేయత వదులుకుంటున్నాను అన్న ఒక్క ముక్కే ఉంటుంది.

మీ అత్తగారు చెప్పే ఎల్లిస్ ఐలాండ్ కథ అమెరికాలో సగం ఇళ్లలో వినపడుతుంది. అక్కడ పేర్లు రాసేవారే కాదండీ. ఓడ కంపెనీ గుమాస్తాలు రేవులో రాసిచ్చిన జాబితా ముందు పెట్టుకుని అధికారులు పిలిచి సరిచూసేవారు, భాష తెలిసిన దుబాసీలు కూడా ఉండేవారు. ముల్లర్ మిల్లర్ అయ్యింది తర్వాతే, వాళ్ల చేతుల మీదుగానే. దానికి కారణం నెబ్రాస్కాలోనే ఉంది. మొదటి ప్రపంచ యుద్ధంలో జర్మన్ మాట్లాడితేనే అనుమానంగా చూసేవారు. 1919లో నెబ్రాస్కా ప్రభుత్వం ఎనిమిదో తరగతి పూర్తికాని పిల్లలకు విదేశీ భాషలు నేర్పకూడదని చట్టం చేసింది. లింకన్‌కు పడమర హ్యాంప్టన్‌లో రాబర్ట్ మేయర్ అనే లూథరన్ బడి టీచరు పదేళ్ల పిల్లాడి చేత జర్మన్‌లో బైబిల్ కథలు చదివించినందుకు 25 డాలర్ల జరిమానా వేశారు. ఆయన సుప్రీం కోర్టు దాకా వెళ్లి 1923లో గెలిచాడు. కానీ అప్పటికే చాలా ఇళ్లలో పిల్లలతో జర్మన్ మాట్లాడటం మానేశారు. మీ ఇంట్లో ఆ పుస్తకం చదివేవాళ్లు లేకపోవడానికి ఇదీ ఒక కారణం అయి ఉండొచ్చు.

పుస్తకం దగ్గరికి వద్దాం. అత్తగారిని అది ఇవ్వమని అడగకండి, ఆవిడ డైనింగ్ టేబుల్ మీదే పగటి వెలుతురులో ఫొటోలు తీయండి. తీస్తూ ఎవరు ఎవరని అడుగుతుంటే ఆవిడే చెబుతారు, ఫోన్‌లో రికార్డు చేసుకోండి. ఆ చేతిరాతను కుర్రెంట్ అంటారు. అచ్చు అక్షరాలతో పోలిక లేక మొదట బెదరగొడుతుంది గానీ పేర్లూ తేదీల వరకు ఓపికుంటే పట్టుబడుతుంది. 'ఇ' (e) అక్షరం మనకు 'ఎన్' (n) లాగా కనపడుతుంది. 'యు' మీద చిన్న గిన్నెలాంటి గీత పెడతారు, అది 'ఎన్' కాదని చెప్పడానికి. 'హెచ్' పైకీ కిందికీ రెండు వైపులా తోక చాపుతుంది. నెలల దగ్గర మరీ జాగ్రత్త. 7 అంకె పక్కన "బర్" అని ఉంటే జులై కాదు సెప్టెంబర్, 8 పక్కన ఉంటే అక్టోబర్, 10 పక్కన ఉంటే డిసెంబర్. లాటిన్ లెక్క అది. దీన్ని తప్పు చదివి, తల్లి పెళ్లికి ముందే బిడ్డ పుట్టిందని వంశవృక్షంలో రాసుకున్నవాళ్లున్నారు!

గుంటూరు అమ్మాయి కాబట్టి ఇంకో మాట. మీ ఊళ్లో 1842లో లూథరన్ మిషన్ మొదలుపెట్టిన ఫాదర్ హయ్యర్ కూడా జర్మన్ వలసదారుడే. హెల్మ్‌ష్టెట్‌లో 1793లో పుట్టి, 1807లో ఫిలడెల్ఫియా వచ్చాడు. ఆయన పూర్వీకులను వెతకాలంటే నేరుగా హెల్మ్‌ష్టెట్ చర్చి పుస్తకాలు తెరవొచ్చు. మీ వాళ్లకు మధ్యలో వోల్గా దగ్గర 140 ఏళ్లు అడ్డున్నాయి. ఆ మెట్టు ఎక్కకుండా జర్మనీ చేరలేరు.

ఆ మెట్టు దగ్గర సాయం చేసేవాళ్లు మీ ఊళ్లోనే ఉన్నారు. అమెరికన్ హిస్టారికల్ సొసైటీ ఆఫ్ జర్మన్స్ ఫ్రమ్ రష్యా అనే సంస్థ ప్రధాన కార్యాలయం, లైబ్రరీ లింకన్‌లోనే, సౌత్ బాటమ్స్‌లో ఉన్నాయి. దేశం నలుమూలల నుంచి జనం అక్కడికి వస్తారు, మీరు కారేసుకుని వెళ్లొచ్చు. పాత సంతాప ప్రకటనలు, వోల్గా ఊళ్ల జనాభా లెక్కల అనువాదాలు వాళ్ల దగ్గర ఉంటాయి. ఒక్కో ఊరి విషయం చూసే వాలంటీర్లు కూడా ఉంటారు. "మాది ఫలానా ఊరు" అని చెప్పగలిగితే పని సగం అయిపోయినట్టే. ఊరు తెలియకుండా వెళ్లినా పేటను బట్టి, చర్చిని బట్టి దారి చూపిస్తారు. డీ వెల్ట్-పోస్ట్ అని వోల్గావాళ్ల కోసం నెబ్రాస్కాలో వచ్చిన జర్మన్ పత్రిక గురించి కూడా అక్కడే అడగండి. సొంత ఊళ్ల నుంచి వచ్చిన ఉత్తరాలు దాంట్లో అచ్చయ్యేవి.

ఊరు తేలాక 1857, 1850, 1834, 1798 లెక్కల్లో ఒక్కో ఇల్లూ వెనక్కి చూసుకుంటూ 1767 నాటి మొదటి జాబితా దాకా వెళ్లొచ్చు. దాంట్లో కుటుంబం జర్మనీలో ఏ ప్రాంతం నుంచి వచ్చిందో రాసి ఉంటుంది. రష్యన్ గుమాస్తాలు చెవికి వినపడ్డట్టు రాశారు కాబట్టి ఒక్కోసారి బుర్ర పగలగొట్టుకోవాలి. మీ వాళ్లది నోర్కా అని తేలితే హెస్సెలో బ్యూడింగెన్ చుట్టుపక్కల చూడండి. 1766లో వలస బయల్దేరే ముందు వందలాది జంటలు ఆ ఊళ్లో పెళ్లి చేసుకున్నాయి, పెళ్లయినవాళ్లకు ప్రాధాన్యం ఇస్తారని. ఆ పెళ్లిళ్ల రిజిస్టర్ ఉంది. జర్మనీ ప్రొటెస్టెంట్ చర్చి పుస్తకాలు చాలావరకు ఆర్కియోన్ అనే సైట్‌లో డబ్బు కట్టి చూడొచ్చు. ఊరు తెలిశాక ఒక్క నెల చందా కట్టండి, అంతకు ముందు పైసా వద్దు.

డీఎన్ఏ టెస్టు ఊరి పేరు చెప్పదు. చేయిస్తే పాపకు కాదు, మీ వారి మేనత్తలు, బాబాయిలు ఎవరైనా ఉంటే వాళ్లకు చేయించండి, రెండు తరాలు దగ్గరవుతాయి. వోల్గా ఊళ్లలో తరతరాలుగా తమలో తామే పెళ్లిళ్లు చేసుకున్నారు కాబట్టి దూరపు చుట్టాలు కూడా దగ్గరివాళ్లలా కనపడతారు. సైట్ చెప్పే "మూడో తరం కజిన్" మాటను పూర్తిగా నమ్మకండి. జాబితాలో జర్మనీలో ఉంటూ రష్యన్ పేర్లున్నవాళ్లు కనపడితే వదలకుండా ఉత్తరం రాయండి. 1941 ఆగస్టు 28 ఉత్తర్వుతో స్టాలిన్ ప్రభుత్వం వోల్గా జర్మన్లందరినీ సైబీరియాకు, కజక్‌స్తాన్‌కు తరలించింది. సోవియట్ యూనియన్ కూలిన రోజుల్లో వాళ్ల వారసులు లక్షల్లో జర్మనీకి తిరిగొచ్చారు. మీ ముత్తాతతో రాకుండా ఊళ్లో ఉండిపోయిన అన్నదమ్ముల పిల్లలు వాళ్లలో ఉండొచ్చు.

కుటుంబ చిహ్నం అమ్మేవాడికి మాత్రం నమస్కారం పెట్టేయండి. అలాంటి చిహ్నాలు ఒక మనిషికో, ఆయన వంశానికో చెందుతాయి తప్ప మిల్లర్ అన్న పేరున్న ప్రతివాళ్లకూ కలిపి ఒకటి ఉండదు. డబ్బు కట్టగానే మూలపురుషుడు దొరికాడంటే, మిమ్మల్ని ఎవరో అపరిచిత ముల్లర్ ఇంటికి తగిలించారని అర్థం.

పాప ప్రాజెక్టుకు టైము తక్కువ ఉంటే ఆ రెండు యుద్ధాల నాటి కార్డులూ చూడండి చాలు, అది ఒక సాయంత్రం పని. ఊరు దొరికితే దేశం గడిలో "వోల్గా ప్రాంతం, రష్యా", భాష గడిలో "జర్మన్" అని రాయమనండి. రెండూ ఎలా కుదిరాయని టీచరు అడిగితే చెప్పడానికి కేథరిన్ కథ ఉంది. పుస్తకంలో చేతిరాత ఉన్న పేజీల ఫొటోలు నాకు పంపండి, పేర్లూ తేదీలూ చదివి చెబుతాను. అచ్చులో ఉన్న ముఖపేజీ కూడా పంపాలి, ఏ చర్చి పుస్తకమో, ఎక్కడ అచ్చయిందో దాని మీదే ఉంటుంది. వెనక అట్ట లోపలి వైపు కూడా ఒక ఫొటో తీయండి, చాలామంది అక్కడ కూడా రాసుకునేవారు.